మధ్యపదం విడగొట్టడం: చివరి అంకె దగ్గరే ఆగిపోతున్న పిల్లల కోసం

గుంటూరు బ్రాడీపేటలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు చెప్తాను. మొన్న ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకొచ్చి, "దీనికి లెక్కలు ఎక్కట్లేదు సార్, ఇంటర్‌లో ఎంపీసీ వద్దనుకుంటున్నాం" అన్నారు. నోట్సు తెరిచి చూశాను. 6ఎక్స్² + 11ఎక్స్ + 3 ని కారణాంకాలుగా విడగొట్టమన్న లెక్క కింద 3 × 1 = 3, 3 + 1 = 4 అని రాసి, చెరిపి, మళ్లీ అదే రాసి, అక్కడ కాగితం పల్చబడిపోయింది. అడుగున "కారణాంకాలు లేవు" అని రాసుంది.

ప్రతి ఏడాదీ చూస్తున్న అపోహే ఇది: చివరి అంకెను రెండుగా విడగొడితే చాలు, వాటి మొత్తం మధ్య అంకె అయిపోతుందని. ఎక్స్² ముందు 1 ఉన్నప్పుడే అది కుదురుతుంది. చిన్న తరగతిలో అలాంటివే చేసి చేసి అదే సూత్రమని పిల్లల మనసులో పడిపోతుంది, పైగా సీనియర్లు "చివరిది చూస్తే చాలు" అని చెప్పి పంపిస్తారు, ఆ మాట ఇక నమ్మకండి.

మొదటి అంకెనీ చివరి అంకెనీ గుణించాలి. 6 × 3 = 18. గుణిస్తే 18, కూడితే 11 వచ్చేవి 9, 2. ఇప్పుడు 6ఎక్స్² + 9ఎక్స్ + 2ఎక్స్ + 3. మొదటి జంటలో 3ఎక్స్ కామన్ తీస్తే 3ఎక్స్(2ఎక్స్ + 3), రెండో జంటలో 1(2ఎక్స్ + 3). జవాబు (2ఎక్స్ + 3)(3ఎక్స్ + 1). ఎందుకు గుణించాలంటే, ఈ జవాబును మళ్లీ విప్పి చూడండి: 9 వచ్చింది 3 × 3 నుంచి, 2 వచ్చింది 1 × 2 నుంచి. 9ని 2తో గుణిస్తే ఈ నాలుగు అంకెల లబ్ధం. 6 × 3 కూడా అవే నాలుగు, జతలే మారాయి. ఈ ముక్క చెప్పగానే ఆ అమ్మాయి నా చేతిలో పెన్సిల్ తీసుకుని తర్వాతి లెక్క తనే చేసింది. ఎంపీసీ ఎందుకు మానాలి?

మిగతావి గబగబా. 9ఎక్స్ ముందు రాయాలా, 2ఎక్స్ ముందా అన్న టెన్షన్ వద్దు, ఎలా రాసినా జవాబు అదే. రెండో జంటలో "కామన్ ఏమీ లేదు" అని వదిలేయకండి, 1 ఉంది, అది రాయండి. మైనస్ బయటికి తీస్తే లోపల గుర్తు మారుతుంది: -3ఎక్స్ + 6 అంటే -3(ఎక్స్ - 2). రెండు బ్రాకెట్లూ ఒకటి కాకపోతే ముందు ఇక్కడే వెతకండి. ఫార్ములా వస్తే గ్రూపింగ్ (ఇలా జంటలు కట్టి కామన్ తీయడం) ఎందుకనేవాళ్లు ఎక్స్³ - 3ఎక్స్² + 2ఎక్స్ - 6 ని వర్గ సమీకరణం ఫార్ములాతో చేసి చూపించాలి. గ్రూపింగ్‌లో రెండు లైన్లు, (ఎక్స్ - 3)(ఎక్స్² + 2).

ఇంకోటి, ఎంత వెతికినా జత దొరక్కపోతే తెలివి లేదని కాదు. పదో తరగతి పిల్లలకి విచక్షణి (మధ్య అంకె వర్గంలోంచి, మొదటి, చివరి అంకెల లబ్ధానికి నాలుగు రెట్లు తీసేస్తే వచ్చేది) తెలుసు కదా, అది ఖచ్చిత వర్గమైతేనే పూర్ణాంకాల జత దొరుకుతుంది. ఒక రాత్రి పదకొండింటికి ఒక తండ్రి ఫోన్ చేసి, పిల్లాడు ఒకే లెక్క మీద కూర్చుని ఏడుస్తున్నాడన్నారు. ఎక్స్² + 5ఎక్స్ + 8. 25 - 32 = -7, ఇక జత ఎక్కడిది? వాడు బోర్డు మీది 6ని 8గా ఎక్కించుకున్నాడంతే.