పిడ్జిన్ చాట్ ప్రోగ్రాం: మా ల్యాబ్‌లో వినే అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పిల్లలకు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం నేర్పుతూ, ల్యాబ్ సర్వర్లు చూసుకుంటూ చాలా ఏళ్లయింది. మొదటి వారంలోనే వాళ్ల చేత పిడ్జిన్ ఇన్‌స్టాల్ చేయిస్తాను. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే ప్రోగ్రాం, ఎట్లా పెరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి కథ నాకు దొరకలేదు. ప్రతి బ్యాచ్‌లోనూ అవే మాటలు వింటున్నాను గనక రాసి పెడుతున్నాను.

అపోహ: ఇది కూడా వాట్సాప్ లాంటి ఇంకో చాట్ సర్వీసు.

వాస్తవం: పిడ్జిన్‌కు సొంత నెట్‌వర్క్ లేదు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల అంగళ్లు చూడండి. తమిళ యాత్రికులొస్తే అరవం, బెంగళూరు వాళ్లొస్తే కన్నడం, ఉత్తరాది వాళ్లతో బేరానికి సరిపడా హిందీ. అంగడి ఒకటే, భాషలు నాలుగు. పిడ్జిన్ చేసిందీ అదే. ఏఓఎల్, యాహూ, ఎంఎస్ఎన్, ఐఆర్‌సీ, ఎక్స్ఎంపీపీ, ఇలాంటి వేర్వేరు చాట్ పద్ధతులన్నిటితోనూ ఒకే కిటికీలోంచి మాట్లాడింది. ఉమ్మడి భాష లేని జనాలు వ్యాపారం కోసం కల్పించుకునే కలగలుపు భాషనే పిడ్జిన్ అంటారు. ఇంత తగిన పేరు పెట్టిన ప్రోగ్రాములు తక్కువ.

అపోహ: పాత పేరు బాగాలేదని కంపెనీ మార్చేసింది.

వాస్తవం: మార్చడానికి కంపెనీయే లేదు. 1998లో మార్క్ స్పెన్సర్ అనే విద్యార్థి లినక్స్‌లో ఏఓఎల్ చాట్ వాడుకోవడానికి దీన్ని రాశాడు. ఫోన్ ఎక్స్చేంజీ ప్రోగ్రాం ఆస్టరిస్క్ రాసిందీ ఆయనే. అప్పుడు దీని పేరు గెయిమ్. అందులో తమ చాట్ ట్రేడ్‌మార్క్ 'ఎయిమ్' ఉందని ఏఓఎల్ కంపెనీ అభ్యంతరం చెప్పింది. ఆ తగాదా తేలేదాకా 2.0 వెర్షన్ బీటాలుగానే (పరీక్ష కోసం వదిలే కూర్పులుగానే) ఆగిపోయింది. 2007 ఏప్రిల్‌లో పేరు పిడ్జిన్‌గా మారింది, మే నెలలో 2.0 వచ్చింది. నెట్‌వర్క్‌లతో మాట్లాడే లోపలి ఇంజనుకు లిబ్‌పర్పుల్ అని పేరు పెట్టారు. మ్యాక్‌లో ఏడియం, టెర్మినల్‌లో ఫించ్ అనే చాట్ ప్రోగ్రాములు నడిచేది దాని మీదే.

అపోహ: ఏఓఎల్ చాట్ మూతపడింది, పిడ్జిన్ పనీ అయిపోయింది.

వాస్తవం: 2017 డిసెంబరులో ఏఓఎల్ చాట్, 2018 జులైలో యాహూ మెసెంజర్ ఆగిపోయాయి. పోయినవి ఆ భాషలు. 1988లో పుట్టిన ఐఆర్‌సీ ఇంకా నడుస్తోంది. మా ల్యాబ్‌లో సొంత ఎక్స్ఎంపీపీ సర్వర్ ఉంది, దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

అపోహ: పాస్‌వర్డ్ దాచడం కూడా రాని ప్రోగ్రాం.

"సార్, ఈ ఫైల్లో నా పాస్‌వర్డ్ అట్లే కనిపిస్తా ఉంది!" అని ఒక పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడు. వాడు చూసింది నిజమే. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటే, పిడ్జిన్ దాన్ని మన హోమ్ ఫోల్డర్‌లోని అకౌంట్స్ ఫైల్లో ఉన్నదున్నట్టు రాసిపెట్టేది. మరచిపోయి కాదు, ఆలోచించే అట్లా ఉంచారు. మనల్ని ఏమీ అడక్కుండా ప్రోగ్రాం తనంతట తాను లాగిన్ కావాలంటే, దాచినదాన్ని విప్పే తాళంచెవి కూడా ఆ కంప్యూటర్లోనే ఉండాలి. కోడ్ అందరి ముందూ ఉంది గనక ఎట్లా విప్పాలో ఎవరైనా చదువుకోవచ్చు. గడప కింద తాళంచెవి పెట్టి తలుపు వేసినట్టే. దాచామన్న భ్రమ కలిగించడం కంటే, ఫైలును యజమాని మాత్రమే తెరిచేలా ఉంచడం మేలని పిడ్జిన్ డెవలపర్ల వాదన. నాకూ అదే సరైనదనిపిస్తుంది. ఆ రోజు తప్పు మా ల్యాబ్‌ది: అందరూ ఒకే యూజర్‌తో లాగిన్ అవుతున్నారు. మరుసటి రోజే ఒక్కొక్కరికి వేరే యూజర్ చేశాను. పాస్‌వర్డ్ సేవ్ చేయొద్దని కూడా చెప్పాను.

అపోహ: ఓపెన్ సోర్స్ కదా, ఏ ప్లగిన్ పెట్టుకున్నా భయం లేదు.

వాస్తవం: ప్లగిన్ అంటే ప్రోగ్రాంకు అదనంగా తగిలించుకునే చిన్న ముక్క. 2024లో పిడ్జిన్ బయటి ప్లగిన్ల జాబితాలోకి స్క్రీన్ షేరింగ్ పేరుతో ఒకటి చేరింది. అది కీబోర్డులో కొట్టిన ప్రతి అక్షరాన్నీ దొంగిలించేది. దాని సోర్స్ కోడ్ బయట పెట్టలేదు, తయారైన ఫైళ్లే ఇచ్చారు. అది గమనించకుండా జాబితాలో పెట్టామని డెవలపర్లు దాచకుండా ఒప్పుకున్నారు. అప్పటినుంచి ఓపెన్ సోర్స్ లైసెన్సు ఉన్న ప్లగిన్లనే చేరుస్తున్నారు. మా ల్యాబ్‌లో ఇప్పుడు ప్లగిన్ కావాలన్నవాళ్లు ముందు దాని సోర్స్ నాకు తెచ్చి చూపించాలి.