పాత కట్టడాలు, పాత కుట్లు: డిజైన్ వెతుక్కునేవాళ్ల అపోహలు

ఎంబ్రాయిడరీ చేసేవాళ్లలో కుట్టడం కన్నా "డిజైన్ ఎక్కడ దొరుకుతుంది?" అన్న టెన్షనే ఎక్కువ చూస్తుంటాను. సగం ఈ అపోహల వల్లే.

అపోహ: పాత డిజైన్ చూసి కుట్టడమంటే కాపీ కొట్టడమే.

వాస్తవం: అలాగైతే ఎంబ్రాయిడరీ చరిత్రలో మిగిలేది కొంచెమే. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో 1520లలోనే నమూనా పుస్తకాలు అచ్చయ్యాయి. వాటిని కొనుక్కునేదే చూసి కుట్టుకోవడానికి. పుస్తకం లేనివాళ్లు నచ్చిన అంచునో పువ్వునో ఒక గుడ్డముక్క మీద కుట్టి దాచుకునేవారు. అదే శాంప్లర్. తేదీ ఉన్న బ్రిటిష్ శాంప్లర్లలో మనకు తెలిసినంతలో పాతది జేన్ బోస్టాక్ 1598లో కుట్టినది, లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. జంతువులు, అక్షరాలు, అల్లికలు అన్నీ ఒకే గుడ్డ మీద కనిపిస్తాయి. ఇప్పటి డిజైనర్ గీసిన చార్ట్ (గళ్ల కాగితం మీది నమూనా) సంగతి వేరనుకోండి, అది అడగకుండా వాడకూడదు.

అపోహ: కట్టడాన్ని ఉన్నదున్నట్టు దించాలి.

వాస్తవం: చాలామంది బోర్లాపడేది ఇక్కడే. స్పెయిన్‌లో గ్రనడాలోని అల్‌హంబ్రా కోట గోడల టైల్స్ మీది ఎనిమిది మూలల నక్షత్రాన్ని క్రాస్ స్టిచ్‌లోకి, అంటే గళ్ల గుడ్డ మీద వేసే X ఆకారపు కుట్లలోకి, తేవాలనుకోండి. ఫొటోని కంప్యూటర్‌కి ఇచ్చి చార్ట్ తీస్తే అంచులన్నీ గజిబిజిగా వస్తాయి. ఆ టైల్స్ వెనకున్న లెక్కను పట్టుకోవాలి. గళ్ల గుడ్డ మీద నేరుగా 7 గళ్లు, ఐమూలగా 5 గళ్లు దాదాపు ఒకే పొడవు. ఆ రెంటినీ మార్చిమార్చి వేస్తే నక్షత్రం మధ్యలో ఉండే అష్టభుజి చక్కగా వస్తుంది, తేడా కంటికి ఆనదు. ఆరు మూలల నమూనాకైతే 60 డిగ్రీల గీత కావాలి. పక్కకి 4 గళ్లు, పైకి 7 గళ్లు లెక్కేసి బ్యాక్ స్టిచ్ (గీతలా సాగే కుట్టు) వేయండి.

అపోహ: కట్టడాల నుంచి కుట్టు నేర్చుకోవాలే గానీ, కుట్టు నుంచి కట్టడాలకు ఒరిగేదేమీ లేదు.

వాస్తవం: 11వ శతాబ్దపు బయూ టాపెస్ట్రీ చూడండి. పేరుకే టాపెస్ట్రీ (మగ్గం మీద నేసిన బొమ్మల గుడ్డ), నిజానికి నార గుడ్డ మీద ఉన్నిదారంతో కుట్టిన సుమారు 70 మీటర్ల పట్టీ. అందులో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చి ఉంది, పైన గాలికోడిని (గాలి దిశ చూపే కోడిబొమ్మ) బిగిస్తున్న మనిషితో సహా. 1245 నుంచి ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీ ఆ చర్చిని మళ్లీ కట్టించాడు. పాతది ఎలా ఉండేదో ఊహించడానికి చరిత్రకారులు ఈ కుట్టునే చూస్తారు. గీతలకు కాడకుట్టు, లోపల పరిచి బిగించిన దారం, అంతే. కట్టడాలు కుట్టాలనుకునేవాళ్లకు నేను మొదట చూపించేది ఇదే.

అపోహ: పాత కుట్లంటే వెలిసిన రంగులే.

వాస్తవం: వెలుతురు తగలని వెనకవైపు చూడండి. అసలు రంగులు ఎంత గాఢమో తెలుస్తుంది.

అపోహ: గొప్ప కట్టడాలు చూసొస్తేనే ఐడియాలు వస్తాయి.

వాస్తవం: కిటికీ గ్రిల్ చాలు. ఇనుమును వదిలేసి మధ్య ఖాళీలను గీయండి, గుడ్డలో ఖాళీలు కత్తిరించి అంచులు కుట్టే కట్‌వర్క్‌కి కావలసినవి ఆ ఆకారాలే. ఫొటో మాత్రం ఎదురుగా నిలబడి తీయండి. పక్కనుంచి తీస్తే చతురస్రం వంకరపోయి గ్రాఫ్ మీద లెక్క కుదరదు.