స్కాండినేవియా పాటంటే మంచూ చీకటేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

గురువారం రాత్రి పన్నెండు దాటగానే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చోవడం నాకు ఏళ్ల నుంచీ అలవాటు. స్ట్రీమింగ్‌లో కొత్త ఆల్బమ్‌లు చాలావరకు ఏ దేశంలో ఆ దేశపు గడియారం ప్రకారం శుక్రవారం మొదలవగానే విడుదలవుతాయి. అందుకే స్టాక్‌హోమ్‌లో తయారైన పాటను హైదరాబాద్‌లో నేను అక్కడివాళ్లకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు ముందే వింటాను. గిటార్ వాయించడం, ఆ కొత్త ఆల్బమ్‌ల గురించి రాయడం నా పని. చదివినవాళ్లు మళ్లీ మళ్లీ అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను.

అపోహ: అక్కడ చలి, చీకటి ఎక్కువ. ఇంట్లో కూర్చుని వేరే పని లేక పాటలు కడతారు.

వాస్తవం: చలి సైబీరియాలోనూ ఉంది, అలాస్కాలోనూ ఉంది. స్వీడన్‌లో దానితోపాటు ఊరూరా సంగీత బడి ఉంది. స్థానిక సంస్థే దాన్ని నడుపుతుంది. పిల్లలు మామూలు బడి అయ్యాక వెళ్లి తక్కువ ఫీజుతో వాద్యం నేర్చుకుంటారు. 1998 తర్వాత అమెరికా పాప్ రూపురేఖలు మార్చిన స్వీడన్ పాటల రచయిత, నిర్మాత మాక్స్ మార్టిన్ అలాంటి బడిలోనే సంగీతం మొదలుపెట్టారు. తన విజయానికి ఆ ప్రభుత్వ చదువే కారణమని ఆయనే చెప్పుకున్నారు. ఆ తర్వాత గ్లామ్ మెటల్ (హోరెత్తే రాక్) బ్యాండ్‌లో గొంతు చించుకుని పాడి, స్టాక్‌హోమ్‌లోని షెరాన్ స్టూడియోలో పాటల నిర్మాత డెనిజ్ పాప్ దగ్గర పని నేర్చుకున్నారు. ఇవన్నీ ఏళ్ల తరబడి సాధనతో వచ్చినవి.

బడి వయసు దాటాక ఇంకో ఆసరా ఉంటుంది. స్వీడన్‌లో వయోజన విద్యా సంఘాలు ఉన్నాయి. నలుగురు కుర్రాళ్లు బ్యాండ్ పెట్టుకుంటే, ఆ సంఘంలో ‘అధ్యయన బృందం’గా పేరు నమోదు చేసుకుంటారు. సంఘం వాళ్లకు సాధన గది చూపిస్తుంది, చాలాచోట్ల డ్రమ్ములు, యాంప్లిఫయర్లు అందులోనే ఉంటాయి. కిటికీ అద్దాలు అదిరేలా వాయించే బ్యాండ్ కూడా కాగితం మీద చదువుకునే బృందమే! నాకు ఈ ఏర్పాటు మీద ఎంత గౌరవమో చెప్పలేను. 2024 నుంచి స్వీడన్ ప్రభుత్వం ఈ సంఘాలకిచ్చే నిధుల్లో భారీగా కోత పెడుతోంది. ఏ కొత్త ఆల్బమ్ వార్తకన్నా పెద్ద వార్త నా దృష్టిలో ఇదే. దాని ఫలితం ఇప్పుడు వినబడదు. ఇవాళ పన్నెండేళ్లున్న పిల్లలు స్టూడియోలో అడుగుపెట్టాల్సిన నాటికి తెలుస్తుంది.

అపోహ: ఇంగ్లీషులో పాడితేనే అక్కడివాళ్లకు గుర్తింపు.

వాస్తవం: 2025లో స్వీడన్ తరఫున యూరోవిజన్‌కు (దేశాల మధ్య ఏటా జరిగే పాటల పోటీకి) వెళ్లిన ‘కాయ్’ త్రయాన్ని చూడండి. వాళ్లది ఫిన్లండ్ పశ్చిమ తీరంలోని వోరో అనే చిన్న ఊరు, మాట్లాడేది స్వీడిష్ యాస. ఆవిరి స్నానం మీద ఆ యాసలోనే అకార్డియన్‌తో పాట కట్టి, 2015 యూరోవిజన్ విజేత మోన్స్ సెల్మెర్లోవ్ పోటీలో ఉండగానే స్వీడన్ ఎంపిక పోటీ గెలిచారు. బాసెల్‌లో జరిగిన ఫైనల్లో నాలుగో స్థానం దక్కింది. స్వీడన్ అక్కడికి స్వీడిష్ పాట పంపడం 1998 తర్వాత అదే మొదటిసారి.

‘కెంట్’ బ్యాండ్ సంగతీ అంతే. తొంభైల చివర్లో తమ ఆల్బమ్‌లకు ఇంగ్లీషు రూపాలు చేసి చూశారు కానీ, వాళ్లను నిలబెట్టింది స్వీడిష్ పాటలే. 2016లో విడిపోయి, 2025లో స్టాక్‌హోమ్ వేదిక మీద మళ్లీ కలిశారు. ఓస్లోలో ‘కార్పె’ ద్వయం 2022 ఆగస్టులో నగరంలోని పెద్ద ఇండోర్ వేదికను పది రాత్రులు నింపింది. అందులో ఒకరు ఈజిప్టు మూలాలున్న మగ్ది, ఇంకొకరు మన దేశపు మూలాలున్న చిరాగ్ పటేల్. పాడేది నార్వేజియన్‌లో. ఇంట గెలిచి రచ్చ గెలవడమంటే ఇదే.

అపోహ: ఫిన్లండ్, ఐస్‌లాండ్ కూడా స్కాండినేవియాయే.

వాస్తవం: సాధారణంగా ఆ పేరు స్వీడన్, నార్వే, డెన్మార్క్‌లకే. అయిదింటినీ కలిపి నార్డిక్ దేశాలంటారు.

అపోహ: అక్కడి మెటల్ అంటే చర్చిలు తగలబెట్టిన ముఠా సంగీతం.

వాస్తవం: 1992లో బెర్గెన్ దగ్గర ఫాంటాఫ్ట్ చెక్క చర్చి కాలిపోయిన మాట నిజం. ఆ నేరాలను నేను సమర్థించను. కానీ అవి నార్వేలో ఒక చిన్న గుంపు చేసిన పనులు. అదే కాలంలో పక్కనే స్వీడన్‌లో ఏం జరుగుతోందో చెప్పే వస్తువొకటి నా బల్ల మీద ఉంది. అది ‘బాస్’ అనే జపాన్ కంపెనీ చేసిన హెచ్ఎమ్-2 పెడల్, అంటే గిటార్ శబ్దాన్ని మార్చే పరికరం. నల్లటి డబ్బా, నారింజ రంగు అక్షరాలు, నాలుగు గుండీలు. 1991లో తయారీ ఆగిపోయింది. స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో ఎన్‌టూంబ్డ్ వంటి కుర్రాళ్ల బ్యాండ్లు ఆ నాలుగు గుండీలనూ చివరిదాకా తిప్పేశాయి. సామిల్లులో దుంగను రంపానికి ఆనించినప్పుడు వచ్చే మోత పుట్టింది. 1990లో వచ్చిన ఎన్‌టూంబ్డ్ తొలి ఆల్బమ్ మొదటి నిమిషంలోనే అది వినబడుతుంది. ఆ మోత కోసం పాత పెడళ్లకు ఎంత గిరాకీ పెరిగిందంటే, కంపెనీ 2020లో మళ్లీ తయారు చేసింది. నా దగ్గరున్నది ఆ కొత్తదే. గుండీలు మూడొంతులు తిప్పినా ఆ మోత రాదు, పూర్తిగా తిప్పాల్సిందే.

అపోహ: డెబ్బైల నాటి స్వీడన్ పాప్ బృందం ఆబా తర్వాత చెప్పుకోదగ్గదేమీ రాలేదు.

వాస్తవం: స్వీడన్‌లోని లిన్‌షోపింగ్‌కు చెందిన రాక్ బ్యాండ్ ‘గోస్ట్’ 2025 ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అదే ఏడాది జారా లార్షన్, ద హైవ్స్ కొత్త ఆల్బమ్‌లు ఇచ్చారు. అయితే నేను ఎక్కువగా చెవి ఒగ్గుతున్నది డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ వైపు. అక్కడి రిథమిక్ మ్యూజిక్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో చదివినవాళ్లు మెత్తగా, తక్కువ వాద్యాలతో, ఎక్కడా గొంతు పెంచకుండా పాడుతున్నారు. ఎరికా డి కాసియర్, ఆస్ట్రిడ్ సోనె 2024లో ఇచ్చిన ఆల్బమ్‌లతో మొదలుపెట్టండి. సోనె వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యం) వాయిస్తుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక వినండి, తీగ మీద విల్లు ఆనడం కూడా తెలుస్తుంది.