'కార్మికుడి అజాగ్రత్త' అని రాసి ఫైలు మూసేసేవారికి: పని స్థలంలో భద్రతపై అపోహలు - వాస్తవాలు

ప్రమాద నివేదికలో 'మూల కారణం' అని ఒక గడి ఉంటుంది. సేఫ్టీ ఆఫీసరుగా ఏళ్ల తరబడి నేను ఎక్కువగా చదివింది ఆ గడినే. అందులో తరచుగా కనిపించే మాట 'కార్మికుడి అజాగ్రత్త'. పక్క గడిలో 'మందలించడమైనది, తిరిగి శిక్షణ ఇవ్వడమైనది'. కింద సంతకం, ముద్ర. పోయిన నెల అలాంటివి మరో రెండు వచ్చాయి. చేతిరాతలు వేరు, వాక్యం ఒకటే. ఇక ఓపిక పట్టలేక ఇది రాస్తున్నాను.

అపోహ: ప్రమాదాలన్నీ కార్మికుల నిర్లక్ష్యం వల్లే జరుగుతాయి.

ఒక కర్మాగారంలో కన్వేయర్ బెల్టు చివరి రోలర్ దగ్గర ఒక ఆపరేటర్ రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. బెల్టు ఆపకుండానే, అక్కడ ఇరుక్కున్న ముద్దను చేత్తో తీయబోయాడు. నేను వెళ్లేసరికే నివేదిక సిద్ధంగా ఉంది. ఆసుపత్రిలో అతన్ని చూడడానికి వెళితే, నేను నోరు తెరవకముందే, "తప్పు నాదేనని రాసుకోండి సార్, పనిలోంచి మాత్రం తీసేయకండి" అన్నాడు. కట్టు కట్టిన చేతిని దుప్పటి కింద దాచుకున్నాడు.

మర్నాడు ఒక షిఫ్టు మొత్తం ఆ బెల్టు పక్కనే నిలబడ్డాను. పద్నాలుగు సార్లు ఇరుక్కుంది. ఆపే స్విచ్చు అక్కడ లేదు. మెట్లు దాటి అవతలి గోడకున్న ప్యానెల్ దగ్గర ఉంది. ఒకసారి ఆపితే, ముందున్న లైనంతా ఖాళీ చేసి, కంట్రోల్ రూము అనుమతి తీసుకుని మళ్లీ నడపడానికి ఇరవై నిమిషాలు. పద్నాలుగు ఇరవైలు ఎంతో లెక్క వేసుకోండి. ప్రతిసారీ నియమం ప్రకారం ఆపితే షిఫ్టులో సగానికి పైగా బెల్టు ఆగే ఉంటుంది. రోలర్ మీది గార్డుకు నాలుగు బోల్టులు ఉండాలి. రెండు లేవు, మిగతా రెంటి చోట కట్టుతీగ ఉంది.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది స్తంభం వెనక ఆనించిన ఒక ఇనుప చువ్వ. మూరెడు పొడవు, కొస కొక్కెంలా వంచారు, పట్టుకునే చోట రబ్బరు గొట్టం ముక్క తొడిగారు. ఆ రబ్బరు చేతుల రాపిడికి నున్నగా మెరుస్తోంది. ఎవరిదని అడిగితే ఒక్కరూ పలకలేదు. చివరికి ఒక హెల్పర్ నెమ్మదిగా, "అందరిదీ సార్" అన్నాడు. ప్రమాదం జరిగిన రోజు ఆ చువ్వను ఎవరో వేరే బెల్టు దగ్గరకు తీసుకెళ్లారట.

చెయ్యి పెడితే పోతుందని అక్కడ అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఆ చువ్వ చేసుకున్నారు. ఇక వాళ్లకు ఏమని శిక్షణ ఇస్తారు? బెల్టు ఎందుకు ఇరుక్కుంటోందని తవ్వితే, రోలర్ బేరింగ్ అరిగిపోయి బెల్టు ఒక పక్కకు జరుగుతోంది, సరుకు జారి ముద్ద కడుతోంది. కొత్త బేరింగ్ కావాలన్న మెయింటెనెన్స్ వాళ్ల కాగితం ఎనిమిది నెలలుగా కొనుగోళ్ల విభాగంలో పడి ఉంది. ప్రథమ చికిత్స రిజిస్టరు తిరగేస్తే, అదే చోట అంతకుముందు రెండు చిన్న గాయాలు. ఆ మూడింటినీ కలిపి చూసినవారు లేరు. వేళ్లు పోయిన మనిషి స్థానంలో మరొకరిని పెట్టి ఉంటే నాలుగో గాయం ఆ మనిషికి అయ్యేది.

బేరింగ్ మార్చారు. బెల్టు పొడవునా లాగితే ఆగే తాడు స్విచ్చు వేశారు. తెరిస్తే మోటారు ఆగిపోయేలా గార్డు బిగించారు. ఇరుక్కోవడం షిఫ్టుకు ఒకటి రెండు సార్లకు తగ్గింది. చువ్వ అవసరమే పోయింది.

'ప్రమాదాల్లో 88 శాతం మనుషుల తప్పుల వల్లే' అనే లెక్క ఇప్పటికీ శిక్షణ తరగతుల్లో తిరుగుతోంది. అది 1931లో హైన్రిక్ అనే బీమా ఉద్యోగి ప్రచారంలోకి తెచ్చిన అంకె. ఆయన ఆధారం బీమా ఫైళ్లు, కర్మాగార యజమానుల రికార్డులు. వాటిలో కారణం రాసేది ఎవరు? రోలర్ దగ్గర నిలబడ్డవాడైతే కాదు. దీనికి జవాబు రెండో ప్రపంచ యుద్ధం నాడే దొరికింది. అమెరికా బి-17 బాంబర్ విమానాలు క్షేమంగా దిగిన తర్వాత, పైలట్లు రెక్కల ఫ్లాపులు (రెక్క వెనక అంచున కదిలే పలకలు) ముడవబోయి చక్రాలు ముడిచేసేవారు. విమానం పొట్ట నేలకు తగిలేది. చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లో చూస్తే రెండు స్విచ్చులూ పక్కపక్కనే, ఒకే రూపంలో ఉన్నాయి. ఒకదానికి చిన్న రబ్బరు చక్రం, రెండోదానికి రెక్క ఆకారపు ముక్క తగిలించారు. చేత్తో తడిమితే తెలిసిపోయేలా చేశాక ఆ పొరపాటు పోయింది. మార్చింది స్విచ్చులను, పైలట్లను కాదు.

తెలిసి తెగించేవారు ఉండరా అంటే ఉంటారు, నేనూ చూశాను. కానీ ఆ నిర్ణయానికి అన్నీ పరిశీలించాక, చివర్లో రావాలి. మొదటి గంటలోనే రాసేస్తే బేరింగ్ సంగతి బయటికి రాదు.

అపోహ: 'ప్రమాదం లేని రోజులు' బోర్డు మీద అంకె పెద్దదైతే మనం భద్రంగా ఉన్నట్టే.

తప్పు ఒప్పుకుంటే వేటు పడే చోట, తెగిన వేలుకు ఇంటి దగ్గర కట్టు కట్టించుకుంటారు. బోర్డు మీద అంకె మాత్రం పెరుగుతుంది. దానికి బహుమతి కూడా ప్రకటిస్తే ఇక చెప్పనక్కరలేదు, పక్కనున్నవాళ్లే "బయటికి చెప్పకు, అందరి బహుమతీ పోతుంది" అంటారు. నిజంగానే చిన్న గాయాలు లేని చోట కూడా పెద్ద ముప్పు పొంచి ఉండవచ్చు. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు బావి తవ్వే రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. పనికి దూరం చేసే గాయం ఒక్కటీ లేకుండా ఏడేళ్లు గడిచాయని సిబ్బందిని అభినందించడానికి ఆ రోజే పెద్ద అధికారులు రిగ్గు మీదికి వచ్చి ఉన్నారు. జారిపడడాలు లెక్కపెట్టే కొలతకు బావిలోంచి తన్నుకొస్తున్న వాయువు కనిపించదు.

బోర్డు పీకేయమని అనను. దాని పక్కన ఈ నెలలో ఎన్ని నియర్ మిస్‌లు (త్రుటిలో తప్పిన ప్రమాదాలు) చెప్పారు, వాటిలో ఎన్నిటిని సరిచేశాం అనే రెండు అంకెలు కూడా రాయండి. నియర్ మిస్‌లు సున్నా అని కనిపిస్తే నేను సంతోషించను, ఆ షెడ్డుకు వెళ్లి టీ తాగుతూ కూర్చుంటాను. అరగంటలో మూడు కథలు బయటికొస్తాయి.

అపోహ: ఫైళ్లు, పర్మిట్లు సక్రమంగా ఉంటే వ్యవస్థ ఉన్నట్టే.

1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా చమురు వేదిక పేలి 167 మంది చనిపోయారు. పర్మిట్ పద్ధతి, అంటే మరమ్మతుకు ముందు రాతపూర్వక అనుమతి తీసుకోవడం, అక్కడా ఉంది. ఒక పంపు సేఫ్టీ వాల్వు మరమ్మతుకు తీశారు, ఆ చోట తాత్కాలికంగా మూత బిగించారు, కాగితమూ రాశారు. రాత్రి రెండో పంపు ఆగిపోతే, వాల్వు లేదని తెలియని షిఫ్టు మొదటిదాన్ని నడిపింది. కాగితం ఉంది, అందులోని మాట అందాల్సినవారికి అందలేదు. అందుకే నేను ఆడిట్‌కు వెళితే ఫైలు గదికంటే ముందు షిఫ్టు మారే వేళకు షెడ్డులో ఉంటాను.

మిగతావి గబగబా:

ఐఎస్ఓ 45001 సర్టిఫికెట్ వస్తే పని అయిపోయిందా? 2018లో వచ్చిన ఆ అంతర్జాతీయ భద్రతా ప్రమాణమే కార్మికులను సంప్రదించాలని, నిరంతరం మెరుగుపరుచుకోవాలని చెబుతోంది. సర్టిఫికెట్‌ను గోడకు తగిలించినవారు దాన్ని ఒకసారి చదివితే బాగుండును.

హెల్మెట్, చేతి తొడుగులు ఇచ్చాం కదా? అవి ఆఖరి అడ్డు. ముందు ముప్పును తీసేయగలమా, తక్కువ ముప్పున్నదానితో మార్చగలమా, యంత్రానికి అడ్డు పెట్టగలమా, పని పద్ధతి మార్చగలమా చూసి, అప్పుడు పీపీఈ (ఒంటికి తొడిగే రక్షణ సామగ్రి). పైగా తిరిగే యంత్రం దగ్గర తొడుగే చేతిని లోపలికి లాగుతుంది.

భద్రత సేఫ్టీ ఆఫీసరు బాధ్యత కదా? బేరింగ్ కొనుగోలు మీద సంతకం పెట్టే అధికారం నాకు లేదు.

ఇక, చిన్న వర్క్‌షాపుల యజమానులు నన్ను పక్కకు పిలిచి కొంచెం బిడియంగా అడిగే మాట: "మా దగ్గర పన్నెండు మందే ఉన్నారు, ఇంత వ్యవస్థ మా వల్ల అవుతుందా?" ఆ భయం నాకు అర్థమవుతుంది. కన్సల్టెంటు ఇచ్చిన నాలుగు వందల పేజీల మాన్యువల్ చూస్తే నాకే గుండె జారుతుంది. మీకు అది అక్కరలేదు. ఒక నోటు పుస్తకం కొనండి. పేజీకి మూడు గడులు గీయండి: ఏం చూశాం, ఎవరు ఎప్పటిలోగా సరిచేస్తారు, చేశారా లేదా. వారానికి ఒకసారి పని ఆపి, అందరితో కలిసి షెడ్డు చుట్టి రండి. మొదట మాట్లాడేది మీరు కాకూడదు. అందరికంటే కొత్తగా చేరిన కుర్రవాణ్ని అడగండి, పాతవాళ్లకు అలవాటైపోయి కనిపించనివి అతనికి కనిపిస్తాయి. ఎవరైనా తన పొరపాటు తానే చెబితే పేరు రాయకండి. మూడో గడి ఖాళీగా ఉన్న వరుసలు ఎన్నో నెలాఖరున మీరే లెక్కపెట్టండి, గుమాస్తాకు అప్పగించకండి.