వీసీ కుర్చీ గొడవ వెనక 1987 నాటి తీర్పు

యూనివర్సిటీకి వీసీని (వైస్ ఛాన్సలర్‌ని) ఎవరు వేయాలి అన్న పంచాయితీ మళ్లీ మొదలైంది. 2025 జనవరిలో యూజీసీ (కేంద్రంలోని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ముసాయిదా నిబంధనలు వచ్చి, వీసీ పేర్లు సూచించే సెర్చ్ కమిటీలో రాష్ట్ర ప్రభుత్వానికి చోటు లేకుండా చేసింది, రాష్ట్రాలు మండిపడ్డాయి. నవంబర్‌లోనేమో బిల్లులపై గవర్నర్లకు గడువు పెట్టలేమని సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో యూనివర్సిటీ బిల్లులు రాజ్‌భవన్‌లో నెలల తరబడి ఆగిపోతే ఏంటి అన్న ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది.

ఉస్మానియా ఎప్పుడు పుట్టింది, ఆంధ్రా యూనివర్సిటీకి తొలి వీసీ ఎవరు అనేవి అందరికీ తెలుసు కాబట్టి వదిలేస్తున్నా. నా లెక్కలో అసలు కథ 1986 దగ్గర మొదలవుతుంది.

ఆ ఏడాది ఎన్టీఆర్ ప్రభుత్వం ఉన్నత విద్య కమిషనరేట్ చట్టం తెచ్చింది. యూనివర్సిటీల మధ్య సమన్వయం కోసమే అని సర్కారు చెప్పింది. ఉస్మానియా అధ్యాపకుల సంఘానికి మాత్రం వేరే భయం పట్టుకుంది. ఏ కోర్సు పెట్టాలి, ఏ కాలేజీ రావాలి, ఎవరి పని ఎలా సాగుతోంది అని కమిషనరేటే చూసుకుంటే ఇక యూనివర్సిటీల సొంత పాలక సభలైన సెనేట్లు, సిండికేట్లు ఎందుకని వాళ్లు కోర్టుకెళ్లారు. హైకోర్టులో పెద్దగా ఊరట దొరకలేదు. 1987లో సుప్రీంకోర్టు మాత్రం చట్టం మొత్తాన్నీ కొట్టేసింది. ఉన్నత విద్యా ప్రమాణాల సమన్వయం కేంద్ర జాబితాలోని 66వ అంశం, అది పార్లమెంటు పని, అందుకు యూజీసీ ఉంది అన్నది ఆధారం. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకోటి ఉంది, ఈ చట్టంతో యూనివర్సిటీలు ఉన్నా లేనట్టే అయ్యాయని కోర్టు గమనించడం. అధ్యాపకులు మొదటి నుంచీ మొత్తుకున్నది అదే.

ముందు తలుపు మూసుకుపోయినా ప్రభుత్వానికి దొడ్డిదారి ఉండనే ఉంది. 1988లో ఉన్నత విద్యామండలి వచ్చింది. 1991లో ఆంధ్రా, ఉస్మానియా, వెంకటేశ్వర లాంటి వాటన్నిటికీ కలిపి ఒకే చట్టం వచ్చింది. అందులోని పాలకమండలిలో విద్యాశాఖ, ఆర్థికశాఖ కార్యదర్శులు హోదా రీత్యా సభ్యులు, మరికొందరిని ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది. జీతాలకు బ్లాక్ గ్రాంట్ (ప్రభుత్వం గంపగుత్తగా ఇచ్చే నిధులు) ఇచ్చే శాఖ మనిషే ఎదుట కూర్చుని ఉంటే ఏ వీసీ గట్టిగా మాట్లాడతాడు?

మాట్లాడితే ఏమవుతుందో 2023లో నిజామాబాద్‌లోని తెలంగాణ యూనివర్సిటీలో చూశాం. పాలకమండలి ఒక రిజిస్ట్రార్‌ని వేస్తే వీసీ ఇంకొకర్ని వేశారు. కుర్చీ ఒకటే, రిజిస్ట్రార్లు ఇద్దరు. (తర్వాత ఆ వీసీ ఏసీబీ కేసులో అరెస్టయ్యారు, అది వేరే కథ.)

అంతకుముందు 2022లో తెలంగాణ అసెంబ్లీ 15 యూనివర్సిటీలకు ఉమ్మడి నియామక బోర్డు బిల్లు పాస్ చేసింది. ఒకే పరీక్ష, పైరవీలుండవు అని ప్రభుత్వం చెప్పింది, అందులో కొంత నిజం ఉంది కూడా. కానీ తన అధ్యాపకుణ్ని తాను ఎంచుకోలేని యూనివర్సిటీకి ఇక మిగిలేదేంటి? గవర్నర్ తమిళిసై ఇది చట్టపరంగా నిలుస్తుందా అని యూజీసీని అడిగారు. ఆవిడ రాజకీయం ఆవిడకుండొచ్చు, అడిగింది మాత్రం 1987 నాటి ప్రశ్నే.

2024 మేలో తెలంగాణలో చాలా యూనివర్సిటీల వీసీల పదవీకాలం అయిపోతే అక్టోబర్ దాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌చార్జి వీసీలు. 2019 తర్వాత ఉస్మానియాకి దాదాపు రెండేళ్లు ఇదే పరిస్థితి. ఇలా అధికారుల్ని కూర్చోబెట్టడానికి మాత్రం ఏ కొత్త చట్టమూ అక్కర్లేకపోయింది.