నిల్ కౌంట్ వెనక తెగిన వై ముక్క

పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు కాలేదంటే, వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ముందు కోడలికి స్కానింగ్, థైరాయిడ్, ట్యూబుల టెస్టు అన్నీ అయిపోతాయి. ఐనవోలు మల్లన్నకు మొక్కుతారు, మేడారంలో వరం పడతారు. భర్తకు వీర్య పరీక్ష మాత్రం అన్నిటికన్నా చివర్లో. "మా పిలగానికేం తక్కువ?" అనే మాట అడ్డొస్తుంది. నిజానికి ఇలాంటి జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక లోపం ఉంటుంది. రెండుసార్లు చూసినా నిల్ కౌంటే, అంటే వీర్యంలో కణాలు సున్నా అనే వస్తే, హనుమకొండ డాక్టరు రాసే చీటీలో ఒక రక్తపరీక్ష కనిపిస్తుంది. దాని పేరు వై మైక్రోడిలీషన్, అంటే మగవాళ్లకు ఉండే వై క్రోమోజోమ్‌లో చిన్న ముక్క తెగిపోయిందా అని చూసే పరీక్ష.

మగ పుట్టుక వై క్రోమోజోమ్‌ను బట్టి ఉంటుందని 1905లో పిండి పురుగులను పరిశీలించి అమెరికా శాస్త్రవేత్త నెట్టీ స్టీవెన్స్ చెప్పింది. కొడుకు పుట్టలేదని కోడలిని ఆడిపోసుకోవడం అప్పుడే ఆగాల్సింది, అది వేరే గొడవ. 1976లో ఇటలీ శాస్త్రవేత్తలు టియెపోలో, జుఫార్డి 1170 మంది మగవాళ్ల క్రోమోజోములను మైక్రోస్కోపులో చూశారు. ఆరుగురిలో వై పొడుగు చేయి చివర తెగిపోయి ఉంది. ఆ ఆరుగురికీ వీర్యకణాలు లేవు. వీర్యకణాల తయారీకి కావాల్సిందేదో ఆ చోట ఉందని వాళ్లు గుర్తించారు, దానికి ఏజెడ్ఎఫ్ (అజూస్పెర్మియా ఫ్యాక్టర్, అంటే పోతే వీర్యకణాలు లేకుండా చేసేది) అనే పేరు వచ్చింది. అది ఒకటి కాదు, ఎ, బి, సి అని మూడు భాగాలని 1996లో జర్మనీ శాస్త్రవేత్త ఫోగ్ట్ బృందం చూపించింది.

మరి ఎందుకు తెగుతుంది? మిగతా క్రోమోజోములు జంటలుగా ఉంటాయి, ఒకదానిలో తప్పు పడితే రెండోదాన్ని చూసి సరిచేసుకోవచ్చు. వైకి చాలా మేరకు ఆ జోడు లేదు. అయితే 2003లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ పేజ్ బృందం దాని డీఎన్ఏ అక్షరాల వరుసను చదివినప్పుడు ఒక వింత బయటపడింది. మన 'వికటకవి' ఎటు నుంచి చదివినా ఒకేలా ఉన్నట్టు, వైలో ఎనిమిది పెద్ద అద్దపు వరుసలున్నాయి. అన్నిట్లోకీ పెద్దది 29 లక్షల అక్షరాల పొడవు, దాని రెండు సగాలూ 99.97 శాతం ఒకటే. ఒక సగం పాడైతే రెండో సగాన్ని చూసి దిద్దుకుంటుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. ఒకేలా ఉన్న రెండు చోట్లు పొరపాటున అతుక్కుంటే మధ్య ముక్క మొత్తం ఎగిరిపోతుంది. సి భాగంలో అలా ఒక్కసారే సుమారు 35 లక్షల అక్షరాలు పోతాయి, వాటితోపాటు డాజ్ అనే జన్యువు కాపీలన్నీ. చాలామంది విషయంలో ఇది తండ్రి వైలో ఉండదు, కొడుకులోనే కొత్తగా వస్తుంది. కాబట్టి వంశాన్ని తవ్వి లాభం లేదు.

కొంత తెగినంత మాత్రాన పిల్లలు కారని కాదు. సి భాగంలో జీఆర్-జీఆర్ అనే చిన్న లోటు ఉన్న జపాన్ మగవాళ్లు ఎంతోమంది తండ్రులయ్యారు. రిపోర్టులో అది కనిపిస్తే టెన్షన్ పడేముందు డాక్టరును అడగాలి.

2003లోనే హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో తంగరాజ్, లాల్జీ సింగ్‌ల బృందం వీర్యకణాలు అసలే లేని 340 మంది భారతీయులను పరీక్షించింది. 29 మందిలో, అంటే 8.5 శాతం మందిలో, వై ముక్క లేదని తేలింది. మిగతావాళ్లకు కారణాలు వేరే.

పరీక్ష ఖర్చుకు, చికిత్స ఖర్చుకు పోలికే లేదు. అందుకే అప్పు చేసి ఆపరేషన్ టేబుల్ దాకా వెళ్లకముందే ఇది చేయించాలంటాను. ఎ భాగం గానీ బి భాగం గానీ పూర్తిగా పోతే వృషణాన్ని కోసి వెతికినా వీర్యకణాలు దొరకవనే చెప్పాలి. సి ఒక్కటే పోతే సుమారు సగం మందిలో దొరుకుతాయి. వాటితో ఇక్సీ, అంటే ఒక్క వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతి, చేయవచ్చు.

1992లో బ్రసెల్స్‌లో మొదలైన ఈ ఇక్సీతో చిత్రమైన పరిస్థితి వచ్చింది. సంతానాన్ని ఆపేసే లోపం అంతకుముందు ఆ మగవాడితోనే ఆగిపోయేది. ఇప్పుడు తండ్రి నుంచి కొడుకుకు అచ్చంగా దిగుతోంది. కూతుళ్లకు వై రాదు కాబట్టి వాళ్లకు ఈ సమస్య లేదు. కొడుకు పుడితే ఇరవై ఏళ్ల తర్వాత అదే చీటీ వాడి చేతిలో ఉంటుందని దంపతులకు ముందే చెప్పాలి. తండ్రి వైపు లోపం వల్ల ఇక్సీతో తొలినాళ్లలో పుట్టిన 54 మంది బెల్జియం యువకులను పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ల వీర్యకణాల సాంద్రత మిల్లీలీటరుకు 1.77 కోట్లు, మామూలుగా పుట్టిన వాళ్లకు 3.7 కోట్లు.