చలికాలంలో గాల్వెస్టన్ బే ట్రౌట్, రెడ్‌ఫిష్: అపోహలు – వాస్తవాలు

నవంబరులో మొదటి గట్టి ఉత్తరపు గాలి వీచగానే, హ్యూస్టన్‌లో గాలం సరదా ఉన్న మనవాళ్ళు చాలామంది రాడ్లు గరాజ్‌లో పెట్టేస్తారు. పడవ మీద మనుషుల్ని తీసుకెళ్ళే నాకు అసలు సీజన్ అప్పుడే మొదలు. ఎండాకాలం గాల్వెస్టన్ బే (హ్యూస్టన్ పక్కనున్న ఉప్పునీటి అఖాతం) అంతటా చెదిరి తిరిగే చేప, చలికి కొద్ది చోట్లకే చేరుతుంది. వెతకడం తేలికవుతుంది. అందుకే పట్టిన చేపల్ని ఎక్కువగా వదిలిపెట్టాల్సిన కాలం కూడా ఇదే అంటాను.

అపోహ: చలికి చేప ఎర ముట్టదు.

ముడుతుంది, కాకపోతే తక్కువసార్లు. చేప ఒంటి వేడి నీటిని బట్టే ఉంటుంది. నీరు 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కు దిగేకొద్దీ అరుగుదల మందగిస్తుంది, వెంటాడి పట్టే ఓపిక ఉండదు. నోటి ముందు నిదానంగా కదిలేదాన్ని మాత్రం వదలదు. కాబట్టి ముందు మార్చుకోవాల్సింది చేతి వేగం. తేలికపాటి జిగ్‌హెడ్‌కు (తల దగ్గర బరువున్న గాలపు కొక్కెం) సాఫ్ట్ ప్లాస్టిక్ ఎర గుచ్చి, బురదకు కాస్త పైన, మధ్యమధ్య ఆపుతూ లాగండి. టెక్సాస్‌లో చలికాలం కార్కీ ఎరకు అంత పేరు రావడానికి కారణం, అది నీళ్ళలో నిదానంగా, దాదాపు నిలిచిపోయినట్టు ఉండటమే. కాటు గట్టిగా తగలదు, దారం కొంచెం బరువెక్కినట్టు అనిపిస్తుందంతే.

చలికి చిన్న ఎరే వాడాలన్న మాట కూడా నమ్మకండి. రొయ్యలు చాలావరకు బే విడిచి సముద్రంలోకి పోయే కాలమిది. పెద్ద ట్రౌట్ ముల్లెట్ చేపల మీద పడుతుంది.

అపోహ: తెల్లవారుజామునే వెళ్ళాలి, లోతులోనే వేయాలి.

నేను ఎక్కువగా వాదించేది దీని గురించే. జూలైలో నిజమైన ఈ మాట జనవరిలో తిరగబడుతుంది. చలిగాలుల వరస చూడండి. గాలి ఉత్తరానికి తిరగకముందు దక్షిణపు గాలికి నీరు పెరుగుతుంది, చేప బాగా తింటుంది. తర్వాత ఉత్తరపు గాలి బే నీటిని సముద్రంలోకి తోసేస్తుంది. మట్టం అడుగు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడిపోతుంది. అప్పుడు చేప పాయల్లోకి, బయూ (నిదానంగా పారే వాగు) మలుపుల్లోని గుంటల్లోకి, తవ్విన కాలువల్లోకి జారుకుంటుంది. ఆ ఒకటి రెండు రోజులు లోతులో వేయడం సరైనదే. ఆకాశం తేటపడి ఎండ కాసిందా, నల్ల బురద ఆ వేడిని పట్టుకుంటుంది. మధ్యాహ్నం రెండు దాటేసరికి మోకాలి లోతు నీరు పక్కనున్న లోతు నీటికంటే రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉండొచ్చు. చేపకు ఆ తేడా చాలు, పైకి వచ్చేస్తుంది.

అందుకే నేను వెతికేది లోతును ఆనుకుని ఉన్న బురద నేల, అక్కడక్కడా ఆయిస్టర్ గుల్ల. గాల్వెస్టన్ బేలో భాగాలైన వెస్ట్ బే, ఈస్ట్ బే రెండింటిలోనూ అలాంటి చోట్లున్నాయి. ఎక్కడా చలనం లేని నీళ్ళలో ఒక్క ముల్లెట్ ఎగిరినా నేను ఆ చోటు వదలను.

అపోహ: కండలో పురుగుంటే చేప పనికిరాదు.

ట్రౌట్ కోస్తే వెన్ను వెంబడి సేమ్యా పోగులాంటి తెల్లటి పురుగు కనిపించడం మామూలే. రెడ్‌ఫిష్‌లోనూ కనిపిస్తుంది. అది షార్క్ పొట్టలో పెరగాల్సిన బద్దెపురుగు పిల్లదశ. మనిషికి సోకదు. పట్టి లాగేసి పులుసు పెట్టుకోండి. అన్నట్టు, ఈ ట్రౌట్‌కూ కొండవాగుల ట్రౌట్‌కూ చుట్టరికం లేదు. ఇది రెడ్‌ఫిష్ కుటుంబానిదే, మన బంగాళాఖాతం వలల్లో పడే క్రోకర్లదీ ఆ కుటుంబమే.

అపోహ: పెద్ద చేప దొరికితే అదృష్టం, ఇంటికి తెచ్చుకోవాలి.

పెద్ద ట్రౌట్లు దాదాపు అన్నీ ఆడవే. 28 అంగుళాలు దాటిన రెడ్‌ఫిష్ గల్ఫ్‌కు చేరి దశాబ్దాలపాటు గుడ్లు పెట్టగలదు, పైగా దాని కండ ముతక. టెక్సాస్‌లో 2024 మార్చి నుంచి ట్రౌట్ 15–20 అంగుళాల మధ్యవి రోజుకు మూడే. రెడ్‌ఫిష్ 20–28 మధ్యవి మూడు. లైసెన్స్‌తో వచ్చే ట్యాగ్ ఉంటే పెద్దది ఉంచుకునే వీలుంది, కానీ నా పడవలో దాన్ని వదిలేయమనే చెప్తాను.

ఈ కట్టుబాట్లు ఊరికే రాలేదు. 2021 ఫిబ్రవరి గడ్డకట్టు చలికి టెక్సాస్ తీరంలో కనీసం 38 లక్షల చేపలు చచ్చిపోయాయని రాష్ట్ర పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ లెక్కకట్టింది. 1983 డిసెంబరులో కోటికి పైగా పోయాయి. రెడ్‌ఫిష్ కంటే ట్రౌట్ చలికి త్వరగా లొంగిపోతుంది. అలాంటి రోజుల్లో చేపలన్నీ కొన్ని లోతైన గుంటల్లోనే కిక్కిరిసి ఉంటాయి కాబట్టి, శాఖ కొన్ని చోట్ల తాత్కాలికంగా గాలం నిషేధిస్తుంది. బయల్దేరే ముందు తప్పకుండా చూసుకోండి.

అపోహ: మొద్దుబారి తేలుతున్న చేపను చేత్తో తీసుకోవచ్చు.

వీల్లేదు. ఈ రెండు చేపల్నీ గాలంతోనే పట్టాలి, కొలతా లెక్కా అప్పుడూ వర్తిస్తాయి.

అపోహ: ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు సరదాగా రాడ్ పట్టుకుంటే లైసెన్స్ ఎందుకు?

17 ఏళ్ళు నిండిన ఎవరికైనా కావాలి, ఉప్పునీటి ఎండార్స్‌మెంట్‌తో (ఉప్పునీళ్ళలో పట్టేందుకు అదనపు అనుమతి) సహా. బయటినుంచి వచ్చినవాళ్ళకు ఒక్కరోజు లైసెన్స్ ఉంది, ఫోన్లోనే కొనొచ్చు. స్టేట్ పార్కు లోపల గట్టు మీంచో పియర్ మీంచో వేస్తే లైసెన్స్ అక్కర్లేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్కులో బే వైపు గట్టు బాగుంటుంది.